దోస్తుతో కలిసి వ్యాపారం: పొత్తు కాగితం మొదటి మాట నుంచి లెక్క తేల్చుకునేదాకా

"ఇద్దరం కలిసి దుకాణం పెడుతున్నం. సగం సగం అనుకున్నం. కాగితంల ఏం రాయాలె?" వరంగల్, కరీంనగర్, జగిత్యాల దిక్కు నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. చిక్కంతా ఆ "సగం సగం"లోనే ఉంది. సగం దేంట్లో? లాభంలోనా, నష్టంలోనా, పెట్టుబడిలోనా, పనిలోనా?

ఈ నాలుగింటినీ ఒకే మాటలో కట్టేసినందుకే చాలా పొత్తులు రెండో ఏడు తిరగకముందే తగువులో పడతాయి. అందుకే కింద చెప్పే పద్ధతి అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది. పెట్టిన పైసలకు మిత్తి వేరు. చేసిన పనికి జీతం వేరు. ఆ రెండూ పోను మిగిలిందే పంచుకునే లాభం.

అర్థం కావడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ములుగు రోడ్డు మీద ఎలక్ట్రికల్ సామాను, వ్యవసాయ మోటార్ల దుకాణం. మొత్తం పెట్టుబడి 12 లక్షలు. ఒకాయన 9 లక్షలు పెట్టి, ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూనే ఉంటాడు. ఈయనను పైసల దోస్తు అందాం. రెండో ఆయన 3 లక్షలు పెట్టి పొద్దటి నుంచి రాత్రి దాకా కౌంటర్లో కూర్చుంటాడు. ఈయన పని దోస్తు.

1. కాగితం కన్నా ముందు మాట్లాడుకోవాల్సినవి

ఈ మాటలు హోటల్లో చాయ్ తాగుకుంటూ తేలేవి కావు. ఒక పూట పెట్టుకుని, నోటుబుక్కు ముందేసుకుని కూర్చోండి. మీ ఇంటివాళ్లనూ కూర్చోబెట్టండి. రేపు దుకాణంలో పైసలు ఆగిపోతే ముందు అడిగేది వాళ్లే కాబట్టి, వాళ్లకు ముందే తెలియడం మంచిది.

☐ పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తోంది? సొంత పొదుపా, చిట్టీ ఎత్తిందా, బంగారం కుదువ పెట్టిందా, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిందా?
☐ ఇల్లు గడవడానికి నెలకు ఎంత కావాలి? లాభం రాకున్నా ఎన్ని నెలలు ఆగగలరు?
☐ ఇప్పటికే ఉన్న అప్పులు, ఎవరికైనా ఇచ్చిన జామీన్లు ఎన్ని?
☐ ఇదే పనా, ఇంకో వ్యాపారం కూడా నడుపుతారా?
☐ ఎన్నేళ్లు ఉండాలనుకుంటున్నారు?

మొదటి ప్రశ్నను మొహమాటపడి వదిలేయకండి. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. అట్లా తెచ్చిన సొమ్ముతో వచ్చిన దోస్తుకు ప్రతి నెలా గల్లాలోంచి తీయాల్సిన అవసరం పడుతుంది. దానికి మనిషి మంచి చెడులతో సంబంధం లేదు. ముందే తెలిస్తే పెట్టుబడి తగ్గించుకుని చిన్నగా మొదలుపెట్టవచ్చు.

ఒక దోస్తు ప్రభుత్వ ఉద్యోగి అయితే ఇక్కడే ఆగి ఆలోచించాలి. అనుమతి లేకుండా వ్యాపారం చేయడాన్ని సర్వీసు రూల్సు ఒప్పవు. భార్య పేరుతో పెడదాం అనడం మన దగ్గర మామూలే. అయితే కాగితం మీద పేరున్న మనిషే చట్టం ముందు పార్ట్‌నర్. అప్పులకు బాధ్యత ఆమెది, సంతకం ఆమెది, పన్ను నోటీసు ఆమెకే. ఆమెకు ఇదంతా తెలిసి, ఇష్టపడి ఒప్పుకుంటేనే ఆ దారి పట్టండి.

2. ఏ రకం సంస్థ?

ఒక్క దుకాణానికి, ఇద్దరు మనుషులకు 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం కింద మామూలు ఫర్ము సరిపోతుంది. ఖర్చు తక్కువ, కాగితాల పని తక్కువ.

దాంట్లో ఉన్న ప్రమాదం మాత్రం పూర్తిగా తెలుసుకోండి. ఫర్ము అప్పుకు ప్రతి పార్ట్‌నరూ పూర్తిగా బాధ్యుడు. మీ వాటా సగమే అయినా, హోల్‌సేల్ వ్యాపారి మొత్తం బాకీని మీ ఒక్కరి నుంచే వసూలు చేసుకోవచ్చు. దుకాణం సరుకు చాలకపోతే సొంత ఇంటి దాకా రావచ్చు.

భారీగా ఉద్దెర సరుకు తెచ్చే వ్యాపారం, కాంట్రాక్టు పనులు, ఖరీదైన మిషన్లు అయితే 2008 చట్టం కింద ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే పొత్తు సంస్థ) మేలు. అక్కడ బాధ్యత మామూలుగా పెట్టుబడి దాకానే. బదులుగా వ్యాపారం జరిగినా జరగకున్నా ఏటా రెండు ఫారాలు దాఖలు చేయాలి. టర్నోవర్ 40 లక్షలు లేదా పెట్టుబడి 25 లక్షలు దాటితే ఆడిట్ తప్పదు. ఇంకో సంగతి. ఎల్‌ఎల్‌పీ అయినా బ్యాంకు లోను కోసం వ్యక్తిగత హామీ సంతకం పెడితే, ఆ అప్పు వరకు రక్షణ పోయినట్టే.

3. పెట్టుబడిని ఎట్లా రాయాలి

ఎవరెంత, ఏ తేదీన, ఏ రూపంలో అనేది రాయండి. నగదు చేతికి ఇచ్చి పుచ్చుకోవడం వద్దు. ఇద్దరూ తమ తమ ఖాతాల నుంచి ఫర్ము కరెంటు ఖాతాకు పంపితే అదే సాక్ష్యం.

షటర్ ఒక దోస్తుది అయితే చాలామంది దానినీ పెట్టుబడిగా లెక్క కట్టేస్తారు. ఇది పెద్ద తప్పు. పెట్టుబడిగా తెచ్చిన ఆస్తి ఫర్ము ఆస్తి అవుతుంది. విడిపోయేటప్పుడు ఆ షటర్‌లో రెండో దోస్తుకూ హక్కు ఉందనే వాదన లేస్తుంది. షటర్‌ను కిరాయికే ఇవ్వండి. కిరాయి చిట్టీ ఫర్ము పేర రాయండి. చుట్టుపక్కల నడిచే కిరాయే పెట్టండి, దోస్తు కదా అని తగ్గించవద్దు.

బండి, కంప్యూటర్, పాత ర్యాకులు లాంటివి తెస్తే ఇద్దరూ ఒప్పుకున్న ధర ఒక జాబితాగా రాసి, సంతకాలు చేసి డీడ్ (పొత్తు కాగితం) వెనక జోడించండి.

తర్వాత ఎప్పుడైనా ఒకరు అదనంగా సొమ్ము సర్దాల్సి వస్తే దాన్ని పెట్టుబడిలో కలపకుండా ఫర్ముకు ఇచ్చిన అప్పుగా రాయండి. మిత్తి రేటు కూడా రాయండి. ఏమీ రాసుకోకపోతే చట్టం ఇచ్చేది ఏడాదికి 6 శాతమే.

4. లాభం లెక్క: అసలు పని ఇక్కడే

కాగితంలో ఏమీ లేకపోతే చట్టం ఏం చెప్తుందో ముందు చూడండి. పెట్టుబడి ఎంతైనా లాభనష్టాలు సమానం. పని చేసినందుకు జీతం లేదు. పెట్టుబడి మీద మిత్తి లేదు. అంటే 9 లక్షలు పెట్టినాయనకూ అన్యాయమే, రోజంతా కౌంటర్లో నిలబడ్డ ఆయనకూ అన్యాయమే.

మన ఉదాహరణలో ఇట్లా రాసుకున్నారు అనుకుందాం. పెట్టుబడి మీద 12 శాతం మిత్తి. పని దోస్తుకు నెలకు 18,000 జీతం. మిగిలింది సగం సగం. ఏడాది చివర మిత్తి, జీతం తీయకముందు లాభం 5,40,000.

• మిత్తి: పైసల దోస్తుకు 1,08,000, పని దోస్తుకు 36,000
• పని దోస్తు జీతం: 2,16,000
• మిగిలింది: 1,80,000
• దాని మీద ఫర్ము పన్ను 30 శాతం, పన్ను మీద 4 శాతం సెస్సు: 56,160
• పంచుకునేది: 1,23,840, తలా 61,920

పని దోస్తు చేతికి మొత్తం 3,13,920. పైసల దోస్తుకు 1,69,920. ఎవరికి ఎందుకు ఎంత వచ్చిందో ఇంట్లో అడిగినా చెప్పుకోవచ్చు.

అదే డీడ్‌లో జీతం, మిత్తి అనే మాటే లేదనుకోండి. మొత్తం 5,40,000 మీద ఫర్ము 1,68,480 పన్ను కట్టాలి. తలా 1,85,760 వస్తుంది. రెండు వాక్యాలు రాయనందుకు ఫర్ము పన్ను లక్షా పన్నెండు వేలు పెరిగింది. ఫర్ముకు మొదటి రూపాయి నుంచే పన్ను పడుతుంది. వ్యక్తులకు ఉన్నట్టు "ఇంతదాకా పన్ను లేదు" అనే వెసులుబాటు దానికి లేదు. జీతం, మిత్తి మాత్రం పార్ట్‌నర్ల సొంత ఆదాయంలో కలిసి, వాళ్ల శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. వేరే ఉద్యోగం ఉన్న దోస్తుకు ఆ మిత్తి మీద కొంత పన్ను రావచ్చు. పంచుకున్న లాభం మీద పార్ట్‌నర్‌కు మళ్లీ పన్ను లేదు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సినవి:

☐ మిత్తి ఏడాదికి 12 శాతం మించితే ఆ పై భాగాన్ని పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరు.
☐ జీతం పని చేసే పార్ట్‌నర్‌కే. ఎవరికి, ఎంత లేదా ఏ లెక్కన అనేది డీడ్‌లో ఉండాలి. దానికీ పన్ను చట్టంలో పరిమితి ఉంది. తొలి 6 లక్షల లాభం వరకు 3 లక్షలు లేదా లాభంలో 90 శాతం, ఏది ఎక్కువైతే అది. ఆ పైన 60 శాతం.
☐ 2025 ఏప్రిల్ 1 నుంచి పార్ట్‌నర్‌కు ఇచ్చే జీతం, మిత్తి కలిపి ఏడాదిలో 20,000 దాటితే ఫర్ము 10 శాతం టీడీఎస్ (ఇచ్చే ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టాలి. అందుకు ట్యాన్ (టీడీఎస్ పట్టేవాళ్లకు పన్ను శాఖ ఇచ్చే) నంబరు కావాలి.
☐ టర్నోవర్ మీద 6 లేదా 8 శాతం లాభం చూపే అంచనా పద్ధతిలో రిటర్ను వేస్తే జీతం, మిత్తి విడిగా తీసివేయనివ్వరు. ఏది లాభమో ఆడిటర్‌తో రెండు లెక్కలూ వేయించి చూడండి.

తక్కువ వచ్చిన ఏడాది సంగతి కూడా ఇప్పుడే రాయాలి. లాభం 2,40,000 మాత్రమే వస్తే? జీతం, మిత్తి కలిపి 3,60,000 అవుతుంది. ఎవరు ఆగాలి? నా సలహా ఇది. ముందు జీతం, ఎందుకంటే దాని మీద ఒక ఇల్లు నడుస్తోంది. మిగిలిన 24,000ను మిత్తి కింద 9:3 లెక్కన పంచండి, అంటే 18,000, 6,000. తగ్గిన మిత్తిని వచ్చే ఏటికి బాకీగా మోయకండి. అట్లా మోస్తే మూడేళ్లలో అది కొండలా పెరిగి పని దోస్తు ఎప్పటికీ లాభం చూడడు.

నష్టం వస్తే ఏ నిష్పత్తిలో భరించాలో కూడా అంకెల్లో రాయండి. 2 లక్షల నష్టం సగం సగం అంటే 9 లక్షలు 8 అవుతాయి, 3 లక్షలు 2 అవుతాయి. చిన్న పెట్టుబడి పెట్టినాయన మీద దెబ్బ ఎక్కువ. దీన్ని ముందే చూసి ఒప్పుకోవాలి.

5. పనులు, సంతకాలు, ఉద్దెర

ఎవరి పని ఏంటో పేరు పెట్టి రాయండి. కొనుగోలు ఒకరిది, లెక్కలూ జీఎస్టీ రిటర్నులూ ఇంకొకరివి. "ఇద్దరం చూసుకుంటం" అంటే చివరికి ఎవరూ చూడరు.

సంతకాల హద్దు: ఒక మొత్తం పెట్టుకోండి, 25,000 అనుకుందాం. దానికి మించిన చెక్కు, లోను, కొత్త డీలర్‌షిప్, జామీను, పనివాళ్లను పెట్టుకోవడం ఇద్దరి సంతకంతోనే. ఈ హద్దు డీడ్‌లో ఉంటే చాలదు. ఆ సంగతి తెలియని బయటి మనిషికి అది వర్తించదు. అందుకని బ్యాంకుకు ఇచ్చే లెటర్లో కూడా అదే రాయించండి.

ఉద్దెర గురించి విడిగా ఒక పేరా ఉండాలి. మన దగ్గర రైతు వానకాలంలో మోటారు తీసుకుని "పత్తి పైసలు రాంగనే ఇస్త" అంటాడు. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి అమ్ముడయ్యేదాకా ఆ సొమ్ము రాదు. ఆ మాటను కాదనలేం. కానీ ఒక గిరాకీకి ఎంతవరకు, ఎన్ని నెలలు, ఎవరు ఒప్పుకుంటే అనేది ముందే తేల్చుకోవాలి. ఒక దోస్తు తన ఊరివాళ్లకు, చుట్టాలకు హద్దు దాటి ఇస్తే అది ఆయన సొంత ఖాతాకు రాసే షరతు పెట్టండి.

బాకీ వసూలు దావాకు గడువు మామూలుగా 3 ఏళ్లు. ఆ లోపు బాకీదారు చేత "ఇంత ఇవ్వాలి" అని రాసి సంతకం చేయిస్తే గడువు మళ్లీ మొదలవుతుంది.

6. విడిపోయే దారి ముందే వేసుకోండి

దోస్తులు అన్నిటికన్నా ఎక్కువ వెనకాడేది ఈ పేరా రాయడానికే. శుభమా అని మొదలుపెడుతుంటే విడిపోవడం గురించి ఏంటి అంటారు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉన్నప్పుడే న్యాయమైన షరతు రాయగలరు. కోపం వచ్చాక ప్రతి అంకె మీదా పంచాయితీయే.

రాయాల్సినవి:

☐ నోటీసు: రాతపూర్వకంగా, కనీసం 3 నెలలు. పత్తి, మిర్చి సొమ్ము తిరిగే సీజన్ నడుమ వెళ్లకుండా మార్చి 31కి లెక్క కట్టడం తేలిక.
☐ సరుకు విలువ: కొన్న ధరా, మార్కెట్ ధరా, ఏది తక్కువైతే అది. ఏడాది దాటి కదలని సరుకుకు సగం.
☐ ఉద్దెర విలువ: 6 నెలల లోపువి పూర్తిగా, 6 నుంచి 12 నెలలవి సగం, ఆపైవి వసూలైనప్పుడు పంచుకోవడం.
☐ షటర్ అడ్వాన్సు, డీలర్ డిపాజిట్లు ఎవరి పేర ఉన్నాయి, ఎవరికి పోతాయి.
☐ దుకాణం పేరు, ఫోన్ నంబరు, వాట్సాప్ గ్రూపు ఎవరికి. పేరుకు ధర కడితే ఎట్లా కట్టాలి.
☐ వెళ్లే దోస్తుకు సొమ్ము ఎన్ని వాయిదాల్లో, ఆలస్యమైతే మిత్తి ఎంత.
☐ వెళ్లినాయన అదే రోడ్డు మీద అదే దుకాణం ఎంతకాలం పెట్టకూడదు. కాలం, చోటు సబబుగా ఉంటేనే ఈ షరతు చెల్లుతుంది. "తెలంగాణలో ఎక్కడా ఎన్నడూ" అని రాస్తే నిలవదు.

వెళ్లిపోయిన దోస్తు బాధ్యత మాటతో తీరదు. రిజిస్టరైన ఫర్ము అయితే రిజిస్ట్రార్‌కు నోటీసు, గెజిట్‌లో ప్రకటన, జిల్లాలో చదివే తెలుగు పేపర్లో ప్రకటన కావాలి. అది చేసేదాకా, ఆయన పార్ట్‌నరే అనుకుని సరుకిచ్చిన వాళ్లకు ఆయనా బాధ్యుడే. జీఎస్టీలో పార్ట్‌నర్ మార్పు 15 రోజుల్లో చూపాలి. బ్యాంకు హామీ నుంచి పేరు తీసివేసిన లెటర్ చేతికి వచ్చేదాకా వదలవద్దు.

చావు గురించి కూడా రాయాలి. ఇద్దరే ఉన్న ఫర్ములో ఒకరు పోతే ఫర్ము నిలవదు, ఎందుకంటే పొత్తుకు కనీసం ఇద్దరు ఉండాలి. పోయినాయన ఇంటివాళ్లకు లెక్క ఎన్ని రోజుల్లో కట్టాలి, ఏ వాయిదాల్లో ఇవ్వాలి, వాళ్లలో ఒకరు కొత్త డీడ్‌తో చేరవచ్చా అన్నది రాయండి. ఇద్దరూ టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకుంటే ఆ ఇంటి మీద భారం కొంత తగ్గుతుంది.

మాట కుదరని రోజు ఎవరి దగ్గరికి పోవాలో పేరుతో రాయండి. ఇద్దరికీ చుట్టం కాని, లెక్కలు తెలిసిన ఒక్క మనిషి. ఆయన కాదంటే ఇంకొకరు. 1996 మధ్యవర్తిత్వ చట్టం కింద ఆ మాట ఇద్దరినీ కట్టేలా లాయరు చేత రాయించండి.

7. పనుల వరుస

1. ముసాయిదా తెలుగులో మీరే రాసుకోండి. లాయరు దాన్ని చట్టం భాషలో పెడతాడు. ఇంగ్లిష్ డీడ్ అయితే ప్రతి పేరా తెలుగులో చదివించుకున్నాకే సంతకం.
2. స్టాంపు పేపర్ మీద డీడ్, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, నోటరీ.
3. ఫర్ము పేర పాన్, ట్యాన్.
4. షటర్ కిరాయి అగ్రిమెంటు ఫర్ము పేర.
5. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఫర్ము రిజిస్ట్రేషన్.
6. ఫర్ము పేర కరెంటు ఖాతా, ఆ ఖాతాకే క్యూఆర్.
7. జీఎస్టీ. తెలంగాణలో సరుకు వ్యాపారానికైనా హద్దు ఏడాదికి 20 లక్షల టర్నోవరే. చాలా రాష్ట్రాల్లో ఉన్న 40 లక్షల హద్దు మనకు లేదు.
8. ఉద్యం (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్. ఇది ఉచితం, ఎవరికీ ఫీజు కట్టకండి. ఆపైన మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్.

ఐదోది తప్పనిసరి కాదు కదా అని వదిలేస్తారు. నిజమే, చట్టం బలవంతం చేయదు. కానీ రిజిస్టర్ కాని ఫర్ము ఉద్దెర బాకీ కోసం గిరాకీ మీద దావా వేయలేదు. ఒక పార్ట్‌నర్ ఒప్పందం ప్రకారం తనకు రావాల్సిన దాని కోసం రెండో పార్ట్‌నర్ మీద వేయలేడు. ఫర్మును మూసి లెక్క తేల్చమనే దావాకు మాత్రం అడ్డు లేదు. ఉద్దెర మీద నడిచే వ్యాపారానికి ఈ రిజిస్ట్రేషన్ లేకపోతే ఖాతా పుస్తకానికి కోర్టులో బలం లేనట్టే.

8. మొదటి ఏడాది అలవాట్లు

రాత్రి షటర్ దించే ముందు ఒక పేజీ: పొద్దటి నగదు, నగదు అమ్మకం, ఫోన్ ద్వారా వచ్చింది, ఇచ్చిన ఉద్దెర, వసూలైన ఉద్దెర, ఖర్చు, గల్లాలో ఉన్నది. ఫొటో తీసి రెండో దోస్తుకు పంపాలి. పది నిమిషాల పని.

నెలకోసారి కూర్చోండి. మూడు నెలలకోసారి సరుకు లెక్క చేయండి. ఇంటికి ఒక ఫ్యాను తీసుకెళ్లినా కొన్న ధరకు సొంత ఖాతాలో రాయండి.

9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

కౌంటర్ మీది క్యూఆర్ ఒక దోస్తు సొంత నంబరుది: అన్నిటికన్నా మామూలు తప్పు ఇదే. ఏడాది చివర ఏది అమ్మకం, ఏది ఆయన సొంత సొమ్ము అనేది విడదీయలేరు. ఈ రోజే ఆ స్టిక్కర్ తీసేయండి. వెనకటి స్టేట్‌మెంట్ మీద ఇద్దరూ కూర్చుని ఒక్కో లైను గుర్తుపెట్టండి.

లాభం వచ్చిందని వెంటనే పంచుకోవడం: మోటార్ల దుకాణంలో లాభం చాలావరకు ఉద్దెరలో ఉంటుంది, గల్లాలో కాదు. కంపెనీకి కట్టాల్సింది, పన్నుకు పోవాల్సింది పక్కన పెట్టి, అప్పుడు చేతిలో మిగిలిన నగదులోంచే తీయాలి.

తమ్ముణ్ని, బావమర్దిని దుకాణంలో కూర్చోబెట్టడం: ఇద్దరి ఒప్పుదలతో, జీతం రాసి పెట్టుకోండి. ఇప్పటికే కూర్చున్నాడా? పని, జీతం, సెలవు ఈ నెల నుంచే కాగితం మీద పెట్టండి.

నెట్‌లో దొరికిన డీడ్ నమూనాలో పేర్లు మార్చి సంతకం చేయడం: దాంట్లో జీతం గడి ఖాళీగానో, మిత్తి "పరస్పర అంగీకారం మేరకు" అనో ఉంటుంది. అంకె లేని అంగీకారం అక్కరకు రాదు. సవరణ డీడ్ రాయించండి.

10. ఇప్పటికే కాగితం లేకుండా నడుస్తుంటే

వెనక తేదీ వేసి డీడ్ రాయకండి. ఈ రోజు స్టాంపు పేపర్ కొని, ఈ రోజు తేదీతోనే రాయండి. ఫలానా తేదీ నుంచి నోటిమాట మీద వ్యాపారం నడుస్తోందని అందులో ఒక వాక్యం ఉండాలి.

ముందు సరుకు, ఉద్దెర, నగదు, బాకీలు లెక్క కట్టి, ఎవరెవరు ఇప్పటిదాకా ఎంత పెట్టారు, ఎంత తీశారు అన్న పట్టీ తయారు చేయండి. తేడా వచ్చిన అంకెలు విడిగా రాసి, ఇద్దరూ కలిసి వాటికి ఒక ధర ఒప్పుకోండి. పట్టీ మీద సంతకాలు అయ్యాకే డీడ్ మీద సంతకాలు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు. మొండి బాకీ మీద దావా వేసే ఆలోచన ఉంటే మాత్రం రిజిస్ట్రేషన్ ముందు, దావా తర్వాత.